బ్రౌణ్య నిఘంటువు, దానికి తోడుగా మరో రెండు: ‘ఇంటెలిజెన్స్’ అనే ఒక్క మాటతో పరీక్షించి చూశాక

డిగ్రీ విద్యార్థుల కోసం మనోవిజ్ఞాన శాస్త్ర పాఠాలను తెలుగు చేసే పని గత ఏడాది నా చేతికి వచ్చింది. అనువాదం నాకు కొత్త కాదు, పదిహేనేళ్లుగా అదే నా జీవనాధారం. అయినా మూడో అధ్యాయం తెరిచి మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. అక్కడ ఉన్నది ఇంటెలిజెన్స్ అన్న మాట. అది బడి పిల్లల పరీక్షల ప్రస్తావనలో ఒక అర్థంలోనూ, కంప్యూటర్ల ప్రస్తావనలో మరో అర్థంలోనూ, సైన్యం మాట వచ్చినచోట శత్రువు గుట్టు తెలుసుకోవడమనే ఇంకో అర్థంలోనూ వాడి ఉంది. తెలివి అనాలా, బుద్ధి అనాలా, ప్రజ్ఞ అనాలా, మేధ అనాలా అని తేల్చుకోవడానికి బల్ల మీద మూడు పుస్తకాలు పెట్టుకుని కూర్చున్నాను. కొత్తగా కొన్న బ్రౌణ్య నిఘంటువు పునర్ముద్రణ ఒకటి, గ్విన్ దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు రెండోది, మా నాన్నగారు చదువుకున్న రోజుల నాటి వావిళ్లవారి అమరకోశం, గురుబాలప్రబోధిక వ్యాఖ్యతో ఉన్నది, మూడోది. ఆరు నెలలు ఈ మూడింటితో కాపురం చేశాక, కొనాలనుకునేవారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందు పుస్తకం సంగతి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టి, 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చి, ఆ తరవాత తెలుగు చేతిరాత ప్రతులను సేకరించి శుద్ధప్రతులు రాయించడానికి సొంత డబ్బు ఖర్చు పెట్టి అప్పులపాలైన మనిషి. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసులో అచ్చయింది. ఇప్పుడు బజారులో దొరికే పునర్ముద్రణలకు చాలావరకు మూలం మాత్రం ఆ 1852 ప్రతి కాదు, 1903లో వెలువడిన రెండో కూర్పు. దాన్ని సవరించినవారు ఎం. వెంకటరత్నం, డబ్ల్యు. హెచ్. క్యాంబెల్, కందుకూరి వీరేశలింగం. కాబట్టి పేరు బ్రౌన్‌దే అయినా మనం చదివే పుటల్లో వీరేశలింగంగారి చెయ్యి కూడా ఉందన్న మాట మరచిపోకూడదు. పాత అచ్చును ఫొటో తీసి మళ్లీ ముద్రించిన పుస్తకం గనక అక్షరం స్పష్టంగా ఉండడం, ఉండకపోవడం ముద్రించిన వారి శ్రద్ధను బట్టి ఉంటుంది. నేను ఇంటర్నెట్ అంగడిలో కొన్న మొదటి ప్రతిలో వత్తులు చాలాచోట్ల చెరిగిపోయి, ‘ద్ధ’కూ ‘ద్ద’కూ తేడా తెలియని స్థితిలో ఉంది. అమ్మినవారి పేరు ఇక్కడ చెప్పను, పంపిన వారం లోపల మార్చి ఇచ్చారు. రెండో ప్రతి చక్కగా ఉంది. అట్ట గట్టిది, కుట్టు మంచిది, బల్ల మీద తెరిచి పెడితే పుటలు వాటంతటవే మూసుకుపోవు. రోజుకు ఇరవైసార్లు తెరిచే పుస్తకానికి ఇది చిన్న గుణం కాదు.

ఈ మూడింటిలో ఏదీ ఇంగ్లీషు మాట పుట్టుక చెప్పదు. అది వాటి పనీ కాదు. కానీ ఆ పుట్టుక తెలియకుండా తెలుగు మాట ఎంచుకోలేం గనక కాస్త ఆగి చెబుతాను. ఇంటెలిజెన్స్ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా పద్నాలుగో శతాబ్దం చివరికి ఇంగ్లీషులో చేరింది. మూలం ‘ఇంటెలిగెరే’ అనే క్రియ. ‘ఇంటర్’ అంటే నడుమ, ‘లెగెరే’ అంటే ఏరడం, ఎంచడం, పోగుచేయడం. అక్షరాలను ఒకటొకటిగా ఏరుకుంటూ పోవడమే చదవడం గనక లాటిన్‌లో ‘లెగెరే’కు చదవడమనే అర్థం కూడా వచ్చింది. మనకు తెలిసిన లెక్చర్, ఎలెక్షన్, కలెక్షన్ అన్న మాటలు ఈ ధాతువు పిల్లలే. రోమను వక్త సిసెరో క్రీస్తుకు పూర్వం 45లో దేవతల స్వభావం మీద రాసిన గ్రంథంలో, ఎంచుకునేవారిని ఒక పేరుతో, శ్రద్ధగా చూసుకునేవారిని ఇంకో పేరుతో, అర్థం చేసుకునేవారిని మరో పేరుతో పిలుస్తున్నామనీ, ఈ మాటలన్నిటిలోనూ ‘ఏరడం’ అనే శక్తే దాగి ఉందనీ వివరించాడు. అంటే లాటిన్‌వాడి దృష్టిలో తెలివిగలవాడంటే, కుప్పగా పడి ఉన్న సంగతుల నడుమ నుంచి కావలసినదాన్ని ఏరగలిగినవాడు.

ఇది చదివినప్పుడు నాకు మా నాయనమ్మ చేటలో బియ్యం పోసుకుని వసారాలో కూర్చున్న దృశ్యం కళ్ల ముందు మెదిలింది. చేట ఒక్క ఊపు ఊపితే నూక ఒక వైపుకు, గింజ ఒక వైపుకు చేరేది, ఆ తరవాత ఆవిడ వేలికొనతో మట్టిబెడ్డను ఏరి తీసి గడప అవతలికి విసిరేది. కబుర్లు చెబుతూనే ఉండేది, వేలు మాత్రం ఎన్నడూ బియ్యపుగింజ మీద పడలేదు. తెలుగుకు ఈ ఊహ కొత్తదేమీ కాదు. ‘ఎంచు’ అన్న మన క్రియకు లెక్కించడం, ఎన్నుకోవడం, తలచడం అనే మూడు అర్థాలూ ఉన్నాయి. ‘తప్పులెంచడం’లో ఒకటి, ‘ఎంచుకోవడం’లో ఒకటి, ‘గొప్పవాడని ఎంచడం’లో ఒకటి కనిపిస్తాయి. తమిళంలో ‘ఎణ్ణు’ అంటే లెక్కపెట్టు, ఆలోచించు అని రెండూ. అయినా మనవాళ్లు తెలివికి పేరు పెట్టేటప్పుడు మాత్రం ఏరడం దగ్గరికి వెళ్లలేదు. వేరే చోటికి వెళ్లారు. ఆ చోటు ఏదో కనిపించేటట్టు చూపించడంలోనే బ్రౌణ్య నిఘంటువు విలువ ఉందని నా అభిప్రాయం.

‘తెలివి’ దగ్గర తెరవండి. పక్కపక్కనే తెలి, తెలియు, తెలుపు, తెల్ల, తెల్లవారు అన్న మాటలన్నీ ఒకే వీధిలో కాపురమున్న అన్నదమ్ముల్లా వరసగా కనిపిస్తాయి. తెలి అంటే తెల్లనిది, స్వచ్ఛమైనది. తెలివి అంటే మొదట వెలుగు, నిర్మలత్వం, ఆ పైన జ్ఞానం. ‘తెలుపు’ అన్న ఒకే రూపం నామవాచకంగా తెల్లని రంగు, క్రియగా ఎరిగించడం. సభలో లేచి ‘కృతజ్ఞతలు తెలుపుతున్నాను’ అనే వక్తకు తన నోటి నుంచి వెలుగుకు సంబంధించిన మాట వెలువడుతోందన్న స్పృహ ఉండకపోవచ్చు, కానీ నిఘంటువు పుట మీద అది కళ్లకు కట్టినట్టు ఉంటుంది. తమిళంలో తెళివు, మలయాళంలో రుజువు అనే అర్థంలో తెళివు, కన్నడంలో తిళివు, తిళువళికె, అన్నీ ఈ ఇంటివే. కన్నడిగులు తేటగా కాచిన చారును తిళిసారు అంటారు. మా పక్కింటి మైసూరు ఆవిడ గిన్నెలో పోసి పంపినప్పుడు అడుగున ఉన్న మిరియపుగింజ కూడా పైకి కనిపించేది. తెలివికి మనవాళ్లు వేసుకున్న బొమ్మ అదే: అడుగు దాకా కనబడే నీరు. చిల్లగింజను కుండ లోపలి అంచున అరగదీసి బురదనీటిని తేర్చుకున్న కాలపువాళ్లకు ఈ పోలిక ఎవరూ వివరించనక్కరలేదు.

ఈ అర్థం కేవలం పుస్తకాల్లో మిగిలిందనుకుంటే పొరపాటు. రెండేళ్ల కిందట మా అమ్మకు పెద్ద శస్త్రచికిత్స జరిగింది. రాత్రంతా ఆసుపత్రి వరండాలో ఇనప కుర్చీలో కూర్చున్నాను. తెల్లవారుజామున నర్సు బయటికి వచ్చి, ‘అమ్మకు తెలివొచ్చిందండీ, పిలిస్తే పలుకుతోంది, ఒక్కరే లోపలికి రండి’ అంది. ఆ వాక్యంలోని తెలివికి ఇంటెలిజెన్స్ అని అనువాదం చేయలేం, అది స్పృహ. గాజు కిటికీ అవతల అప్పుడే తెల్లవారుతోంది. అమ్మ కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది. ‘కాఫీ తాగావా’ అని అడిగింది. మాటల పుట్టుకల గురించి ఆలోచించే క్షణం కాదు అది. కానీ ఆరు నెలల కిందట ఈ నిఘంటువులో తెలివి, తెల్లవారు అన్న మాటలు ఒకే పుటలో చూసినప్పుడు ఆ వరండా గుర్తొచ్చి చాలాసేపు పుట తిప్పలేకపోయాను. ‘నీ తెలివి తెల్లారినట్టే ఉంది’ అని పెద్దలు పిల్లలను కేకలేసే మాటలో కూడా ఈ రెండు మాటల చుట్టరికమే చమత్కారంగా మారింది. ధాతువు తెలియకపోయినా చెవికి ఆ పోలిక తెలుసు.

‘బుద్ధి’కి వస్తే, అది సంస్కృతం మాట అని బ్రౌన్ చెబుతాడు. ప్రతి మాట పక్కనా అది ఏ భాష నుంచి వచ్చిందో చిన్న గుర్తు పెట్టడం ఈ నిఘంటువులోని గొప్ప సౌకర్యం. సంస్కృతంలో బుధ్ ధాతువుకు మేలుకోవడం, ఎరగడం అని అర్థం. బుద్ధుడంటే మేల్కొన్నవాడు. విష్ణువు యోగనిద్ర నుంచి లేచే కార్తిక శుద్ధ ఏకాదశిని ప్రబోధిని అనడం కూడా అందుకే. చూడండి, తెలుగు మాట తెల్లవారడం దగ్గర మొదలైంది, సంస్కృతం మాట మేలుకోవడం దగ్గర మొదలైంది. లాటిన్ మాట ఏరుకోవడం దగ్గర మొదలైంది. ఒకటి చూపుకు సంబంధించినది, ఒకటి నిద్రకు సంబంధించినది, ఒకటి చేతికి సంబంధించినది. ఇంటెలిజెన్స్‌కు మారుగా తెలివినో బుద్ధినో పెట్టినప్పుడు మనం ఒక బొమ్మను తీసేసి ఇంకో బొమ్మను పెడుతున్నామన్న సంగతి అనువాదం చేసేవారు ఎరిగి చేయాలి.

అయితే బుద్ధి తెలుగు ఇంటికి కోడలిగా వచ్చాక చాలా మారిపోయింది. తమిళులు తెలివైనవాణ్ణి పుత్తిశాలి అంటారు. మనం బుద్ధిమంతుడు అంటే చెప్పిన మాట వినేవాడు, అల్లరి చేయనివాడు. బళ్లో మొదటి మార్కులు తెచ్చుకుని పక్కవాడి పలక పగలగొట్టే పిల్లవాడు తెలివైనవాడే గానీ బుద్ధిమంతుడు కాదు. ‘బుద్ధి చెప్పడం’ అంటే మందలించడం, ఒక్కోసారి నాలుగు తగిలించడం కూడా. ‘పాడు బుద్ధులు’ అని బహువచనం చేస్తే అది స్వభావం, నడవడి. ఇక ‘తినబుద్ధి కావడం లేదు’, ‘ఇల్లు వదిలి పోబుద్ధి కాలేదు’ అన్నచోట బుద్ధి కోరికగా మారిపోయింది. జ్వరపడ్డ పిల్ల అన్నం ముందు కూర్చుని ఆ మాట అంటే అందులో ఇంటెలిజెన్స్ ఛాయ మచ్చుకైనా లేదు. ఇలాంటి జీవద్భాష కావాలంటే జె. పి. ఎల్. గ్విన్, జె. వెంకటేశ్వరశాస్త్రి సహాయంతో కూర్చగా 1991లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించిన నిఘంటువు చేతిలో ఉండాలి. గ్విన్ ఐ.సి.ఎస్. అధికారిగా తెలుగునేల మీద పనిచేసిన మనిషి. భద్రిరాజు కృష్ణమూర్తిగారితో కలిసి ఆధునిక తెలుగు వ్యాకరణం రాసిన మనిషి. పత్రికల్లో, కథల్లో, రోజువారీ మాటల్లో ఉన్న తెలుగే ఆయనకు ఆధారం. బ్రౌన్ ఇచ్చే కావ్యప్రయోగాలు అందులో వెతకవద్దు, వాటి కోసం రాసిన పుస్తకం కాదది. నన్ను అడిగితే వీటిలో ఒకటి కొని రెండోది మానడం కుదరదు.

అమరసింహుడు సంస్కృతంలో కూర్చిన అమరకోశం వేరే జాతి పుస్తకం. అది అర్థాలు చెప్పదు, ఒక భావానికి ఎన్ని పేర్లున్నాయో శ్లోకంలో కట్టి ఇస్తుంది. మొదటి కాండంలో ధీవర్గం తెరిస్తే, బుద్ధి, మనీష, ధిషణ, ధీ, ప్రజ్ఞ, శేముషి, మతి, ప్రేక్ష, ఉపలబ్ధి, చిత్, సంవిత్, ప్రతిపత్, జ్ఞప్తి, చేతన అని ఒక్క ఊపిరిలో 14 పేర్లు వస్తాయి. మా నాన్నగారి ప్రతిలో ఈ శ్లోకం పక్కన ఆయన పెన్సిలుతో పెట్టిన అడ్డగీతలు ఇంకా ఉన్నాయి. ఒక్కొక్క పేరు అప్పజెప్పగలిగిన కొద్దీ ఒక గీత చొప్పున పెట్టుకున్నారట. 14 పేర్లు వల్లెవేయడం ఒక ఎత్తు, వాటి మధ్య తేడా తెలియడం ఒక ఎత్తు. ఈ పేర్లన్నీ పర్యాయాలుగా వరసలో నిలబెట్టాక అమరుడు ఒక్క మాటను మాత్రం విడదీసి నిర్వచించాడు: ‘ధీర్ధారణావతీ మేధా’. ధారణ గల ధీ మేధ. విన్నది పోగొట్టుకోకుండా నిలుపుకునే బుద్ధిశక్తికి మేధ అని పేరు. ఏకసంథాగ్రాహులను, అవధానులను ఎరిగిన తెలుగువారికి ధారణ అన్న మాట విలువ ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ ఒక్క పాదం నా పనిలో ఒక పెద్ద చిక్కును విడదీసింది. 1955లో జాన్ మెకార్తీ, మరి ముగ్గురు శాస్త్రజ్ఞులు కలిసి, మరుసటి వేసవిలో డార్ట్‌మత్ కళాశాలలో జరపదలచిన సమావేశానికి రాసిన ప్రతిపాదనలో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అన్న పేరు పెట్టారు. తెలుగు పత్రికలు దాన్ని కృత్రిమ మేధ అని తెలుగు చేశాయి. మొదట్లో నాకు అది నచ్చలేదు, తెలివి అనే సొంత మాటను పక్కన పెట్టి సంస్కృతాన్ని ఎందుకు పట్టుకొచ్చారని చిరాకు పడ్డాను. అమరుడి నిర్వచనం చూశాక మనసు మార్చుకున్నాను. కోట్ల వాక్యాలను లోపల నిలుపుకుని అవసరానికి అందించే యంత్రానికి ధారణ గల ధీ అనే మాట కంటే తగినది వెతికినా దొరకదు. ఏరడం అనే లాటిన్ బొమ్మ కంటే నిలుపుకోవడం అనే సంస్కృతం బొమ్మే ఆ యంత్రానికి దగ్గర. కృత్రిమ మేధస్సు అని రాసేవారు కూడా ఉన్నారు. సంస్కృతంలో మేధస్ అన్న రూపం సుమేధస్ వంటి సమాసాల చివర కనిపించేదే గనక విడిగా వాడేటప్పుడు మేధ అనడమే నాకు సమ్మతం, అయినా తెలుగులో మేధస్సు స్థిరపడిపోయింది కాబట్టి దాన్ని తప్పుపట్టను. మేధ, మెదడు ఒకే మాట నుంచి వచ్చాయని మాత్రం ఎవరైనా చెబితే నమ్మవద్దు. మెదడు అచ్చ ద్రావిడం, కన్నడంలో దాన్ని మిదుళు అంటారు.

మనోవిజ్ఞాన పాఠాల్లో మాత్రం ప్రజ్ఞ పాతుకుపోయింది. ఉపాధ్యాయ పరీక్షలకు చదివే ప్రతివారికీ ప్రజ్ఞాలబ్ధి, అంటే ఐ.క్యూ., అన్న మాట కంఠతా వచ్చు. 1905లో ఫ్రాన్సులో బినే, సిమోన్ కలిసి బడి పిల్లల కోసం పరీక్షలు తయారుచేశారు. 1912లో జర్మనీలో స్టెర్న్ మానసిక వయస్సును అసలు వయస్సుతో భాగించి వచ్చిన దాన్ని ప్రజ్ఞకు కొలతగా ప్రతిపాదించాడు. 1916లో అమెరికాలో టెర్మన్ దాన్ని 100తో హెచ్చించి వాడుకలో పెట్టాడు. భాగహారంలో వచ్చేది భాగలబ్ధి గనక ప్రజ్ఞాలబ్ధి అన్నారు. ఎనిమిదేళ్ల పిల్ల పదేళ్ల పిల్ల చేసే లెక్కలు చేస్తే పదిని ఎనిమిదితో భాగించి 100తో హెచ్చించాలి, 125 వస్తుంది. తెలుగులో ఇంత చక్కగా కుదిరిన పారిభాషిక పదాలు ఎక్కువ లేవు, పెట్టినవారికి నమస్కారం. ఇటువంటి మాటలు 1903 నాటి పుస్తకంలో ఉండవు, ఉండాలనుకోవడం న్యాయమూ కాదు.

తెలంగాణకు వస్తే ఇంకో సంపద కనిపిస్తుంది. ఇక్కడ చురుకైన పిల్లవాణ్ణి ‘హుషార్ పిల్లగాడు’ అంటారు, తెలివిగలవాడని అర్థం. ఆ మాట పారసీకంలోని హోష్, అంటే స్పృహ, తెలివిడి అన్న మాట నుంచి వచ్చింది. అదే మాట కృష్ణా, గుంటూరు వైపు చేరేసరికి ఉత్సాహమనే అర్థంలో స్థిరపడింది. ‘చలాకీ’ కథ కూడా అంతే, పారసీకంలో చాలాక్ అంటే నేర్పరి, యుక్తిపరుడు. తెలుగులో చలాకీగా ఉండడమంటే కదలికలో చురుకు. విజయవాడలో పుట్టి పెరిగి హైదరాబాదులో కాపురమున్న నేను, మొదటి ఏడాది మా అమ్మాయి పంతులమ్మ ‘మీ పాప మస్తు హుషార్’ అంటే అల్లరి చేస్తోందేమోనని కంగారుపడ్డాను. ‘అకల్ లేదా’ అన్న తిట్టులోని అకల్ అరబ్బీ మాట. ఒంటె మోకాలిని పగ్గంతో కట్టివేయడమనే అర్థం గల ధాతువుతో దానికి చుట్టరికం ఉంది. అంటే మనసు పరుగును పట్టి ఆపేది అకల్. తెలివిని పగ్గంగా చూసిన బొమ్మ ఇదొక్కటే నాకు కనిపించింది. ఇలా తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాల కోసం బ్రౌన్ 1854లో మిశ్రభాషా నిఘంటువును విడిగా అచ్చువేశాడు. అటువంటి మాటలు పనికిరావని కొట్టివేయకుండా వాటికీ ఒక పుస్తకం కావాలని అనుకున్నందుకే ఆయన మీద నాకు ఇంత గౌరవం.

ఇక మిగిలింది గూఢచర్యం అర్థం. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు పత్రికల్లో వార్తల శీర్షికలకే ఇంటెలిజెన్స్ అని పేరు ఉండేది, ఓడల రాకపోకల వార్తలు కూడా ఆ పేరు కిందే వచ్చేవి. ఇప్పటి ఇంగ్లీషువారికి ఆ అర్థం దాదాపు పోయి, రహస్య సమాచారమనేది మాత్రం మిగిలింది. బ్రౌన్ వాడిన ఇంగ్లీషు ఆ నాటిది కాబట్టి, తెలుగు మాటకు ఆయన ఇచ్చిన ఇంగ్లీషు అర్థాన్ని ఈ రోజు అర్థంగా తీసుకునే ముందు ఒక మంచి ఇంగ్లీషు నిఘంటువుతో సరిచూసుకోవడం అవసరం. ఈ పుస్తకం వాడేవారు పాటించవలసిన జాగ్రత్తల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. 1887లో మొదలైన ఇంటెలిజెన్స్ బ్యూరో పేరును తెలుగు పత్రికలు నిఘా విభాగమని రాస్తాయి. నిఘా పారసీకంలో చూపు. మనకు సొంతంగా ‘వేగు’ ఉంది, వేగులవాడు ఉన్నాడు. తెల్లవారడానికి కూడా వేగు అనే పేరుంది, వేగుచుక్క అందరికీ తెలుసు. తెలివి, తెల్లవారడం ఒక ధాతువువైనట్టే ఈ రెండు వేగులూ ఒకటేననుకుని మొదట సంబరపడ్డాను. కానీ తమిళంలో గూఢచర్యానికి వేవు అన్న మాట విడిగా ఉంది, మన వేగులవాడు ఆ వైపు చుట్టం. రూపం కలిసినంత మాత్రాన రక్తసంబంధం ఉందనుకోకూడదు. నిఘంటువు పుట మీద పక్కపక్కన కనిపించిన రెండు మాటలను వెంటనే కలిపి కథ అల్లాలనే ఆశ ప్రతి పాఠకుడికీ పుడుతుంది, బ్రౌన్‌ను చదివేటప్పుడు ఆ ఆశను అదుపులో పెట్టుకోవాలి.

నా అధ్యాయంలో చివరికి పరీక్షల దగ్గర ప్రజ్ఞ, యంత్రాల దగ్గర మేధ, సైన్యం దగ్గర నిఘా సమాచారం పెట్టాను. అధ్యాయం ప్రారంభ వాక్యంలో మాత్రం, పసిపిల్ల తల్లి ముఖాన్ని గుర్తుపట్టడం గురించి చెప్పేచోట, తెలివి అని రాశాను. అచ్చుకు ముందు వచ్చిన ప్రూఫులో ఎవరో దాన్ని కొట్టివేసి ప్రజ్ఞ అని దిద్దారు, శాస్త్ర గ్రంథంలో తెలివి అనడం తేలికగా ఉంటుందని పక్కన రాశారు. నేను మళ్లీ తెలివి అని దిద్ది, బ్రౌణ్య నిఘంటువులోని ఆ పుట నకలు జతచేసి పంపాను. అది అలాగే అచ్చయింది.

కొనదలచినవారికి నా సలహా ఇది. విద్యార్థులకు, ఇప్పటి తెలుగు నేర్చుకునేవారికి, విదేశాల్లో పిల్లలకు తెలుగు చెప్పే తల్లిదండ్రులకు ముందుగా గ్విన్ కొనండి. పాత సాహిత్యం చదివేవారు, అనువాదకులు, మాటల చుట్టరికాల మీద ఆసక్తి ఉన్నవారు బ్రౌన్ కొనండి. చేతనైతే బహుజనపల్లి సీతారామాచార్యులుగారి 1885 నాటి శబ్దరత్నాకరాన్ని కూడా పక్కన పెట్టుకోండి, తెలుగు మాటకు తెలుగులోనే అర్థం చెప్పే తృప్తి దానిది. గురుబాలప్రబోధికతో ఉన్న అమరకోశం పాత పుస్తకాల దుకాణంలో కనిపిస్తే బేరమాడకుండా తీసుకోండి. బ్రౌణ్య నిఘంటువు పునర్ముద్రణ కొనేటప్పుడు మాత్రం అట్ట చూసి డబ్బు కట్టవద్దు. త అక్షరం దగ్గర తెరిచి తెలివి, తెల్ల, తెల్లవారు ఉన్న పుటను, బ అక్షరం దగ్గర బుద్ధి ఉన్న పుటను వెలుతురులో పెట్టి చదవండి. తెలివి చివరి గుడి, బుద్ధి కింది ధ వత్తు కంటికి ఆనితే ఆ ప్రతి తీసుకోవచ్చు.